టిక్కు

మూడున్నర వేలకు కొన్నా దీన్ని,
యూనివర్సిటీ హాస్టలు ఖాళీ చేస్తా
బకెట్టు, పరుపు, టేబుల్ ఫ్యానుతో పాటు
అమ్మకానికి పెట్టిన పిల్లోడి దగ్గిర.
ఎర్ర రంగు. అంచున పెచ్చు లేచింది.
మోగించే పెట్టె ముందే ఎవురో ఎత్తుకుపొయ్యారంట.
కరెంటు గిటారు,
కరెంటు లేకుండానే నేర్చుకుంటా ఉండా.
మంచిదే.
కొర్లగుంటలో మా రేకు గోడకు అవతల
వల్లక్క నిద్రపోవాల,
మూడింటికే లేచి పూల మార్కెట్టుకు పోవాల.

శ్రుతే నిలవదు.
జాకెట్లన్నీ కుట్టి, మిషను మీద గుడ్డ కప్పి
పదకొండింటికి ఒళ్ళో పెట్టుకుంటా.
ఫోన్లో సూది నిటారుగా నిలబడేదాకా బిగిస్తా.
పాట కూడా కాదు, రెండు వరసలు.
అంతలోకే మూడో తీగ జారి ఉంటాది
చంక కింద కుట్టు విడిచినట్టు.
చూసేవాళ్ళకు కనబడదు,
తొడుక్కున్నోళ్ళకు తెలస్తాది.

గాంధీ రోడ్డు అంగట్లో పిల్లోడు
ఫోన్లోంచి తలకాయ ఎత్తలా.
"ఈ రేటుకు ఇంతేక్కా. బిరడాలన్నీ మార్చాల.
పద్దెనిమిది వందలు."
పద్దెనిమిది వందలంటే
లైనింగు జాకెట్లు ఆరు,
హుక్కులు, కాజాలతో కలిపి.

నేనొప్పుకోలా.
ఇరవై ఏళ్ళుగా చూస్తా ఉండా:
కుట్టు ముడతలు పడితే గుడ్డను తిడతారు,
దారాన్ని తిడతారు, నన్ను తిడతారు.
తప్పు మాత్రం బాబిన్ కేసులో
చీమ తలకాయంత మర దగ్గిర దాక్కోనుంటాది.

ఆదివారం మధ్యాన్నం షట్టరు సగం దించి
గిటారు మెడకు చెవి ఆనించినా.
బిరడా తిప్పితే తీగ ఉలకదు, పలకదు.
ఇంకొంచెం.
టిక్కు.
ఒక్కసారే ఎగిరి అవతల పడింది సూది.
దొరికినావే!
బిరడాలది కాదు పాపం.
మెడ చివర తెల్ల ప్లాస్టిక్ ముక్క, ఆరు గాట్లు.
మూడో గాట్లో తీగ ఇరుక్కోని
సగం బిగువు వెనకాలే దాచిపెట్టుకుంటా ఉండాది,
వాయించేటప్పుడు కొంచెం కొంచెం వదలతాది.

తీగ పక్కకు తీసి
సన్న ఉప్పుకాగితం మడిచి మూడు సార్లు రుద్దినా.
నాలుగోసారికి చెయ్యి ఆపుకున్నా.
ఎక్కువ కోసింది ఏదైనా
నాకు తెలిసి మళ్ళా అతకదు.
వల్లక్క కొడుకు పెన్సిలు అడుక్కోని
ములుకు అరగదీసి
ఆ నల్లపొడి సూది మొనతో గాట్లో నింపినా.
మిషను నూనె చేతికి అందేటట్టే ఉండాది. వద్దనుకున్నా,
దుమ్ము పట్టి జిగురైపోతాది.

పాతోడు బిరడాకు ఏడు చుట్లు చుట్టినాడు,
ఒకదాని మీద ఒకటెక్కి, చిక్కు పడిన దారం మాదిరి.
విప్పి పారేసినా.
కొత్త తీగకు రెండంగుళాలు వదిలి కత్తిరించినా,
జాకెట్టు లోపల మడత వదల్లా, అట్ట.
రెండున్నర చుట్లు, పక్కపక్కన.
వేళ్ళతో పైకి లాగి లాగి సాగదీసినా.
కొత్త లైనింగును తడిపి ఆరేసేది ఎందుకు?
మారేదేదో ముందే మారిపోనీ అనే కదా.
ఒక బిరడా మర ఊగుతా ఉంటే
అగ్గిపుల్ల విరిచి బొక్కలో కూరి
ఫెవికాల్ చుక్క వేసినా.

ఇంకొకటి నా తప్పే.
సూది దాటిపోతే వెనక్కి తిప్పి వదిలేసేదాన్ని.
దిగి నిలబడిన తీగ నిలవదు.
బాగా కిందికి పొయ్యి మళ్ళా ఎక్కి రావాల.
అలిపిరి మెట్లు నడిచినోళ్ళనడుగు,
ఎక్కేటప్పుడు పిక్కల్లో బిగువు,
మోకాళ్ళు వణికేది దిగేటప్పుడే.

నాలుగు రోజులైంది, మూడోది కదల్లా.
రెండోది తెల్లారుజామున కొండ గాలికి కొంచెం పడతా ఉండాది.
దాని సంగతి వచ్చే ఆదివారం.
ఈ లోపల కనకాంబరం రంగు జాకెట్టు, అర్జెంటు.

పొద్దున కొళాయి దగ్గిర వల్లక్క అడిగింది.
"రేతిరి వాయించలేదా ధనకోటీ?"
వాయించినా కదక్కా.
"ఏమోమ్మే, నిద్రే పట్టలా నాకు.
టిక్కు టిక్కుమనేది ఒకటి వినబడేదే,
అదేమైపోయింది?"